ఆకాశానికి తాళం వేశారు, కబురు ఎవరికి చెప్పారు?

2022 ఏప్రిల్ 20, బుధవారం సాయంత్రం ఆరున్నర. అమెరికా పార్లమెంటు కొలువుదీరే క్యాపిటల్ భవనం దరిదాపుల్లో ఓ చిన్న విమానం చక్కర్లు కొడుతోంది. ఎవరిదో, ఎందుకొచ్చిందో క్యాపిటల్ పోలీసులకు అంతుచిక్కలేదు. ముప్పు పొంచి ఉందని హెచ్చరిక పంపి, లోపలున్న వాళ్లందరినీ బయటికి పంపేశారు. కాసేపటికి అసలు సంగతి తేలింది. ఆ విమానం అమెరికా సైన్యానిదే. గోల్డెన్ నైట్స్ అనే పారాచూట్ దళాన్ని ఎక్కించుకుని ఆండ్రూస్ స్థావరం నుంచి బయల్దేరిన ట్విన్ ఆటర్ అది. క్యాపిటల్‌కు దాదాపు రెండు కిలోమీటర్ల దూరంలోని నేషనల్స్ పార్క్ బేస్‌బాల్ మైదానంలో సైనికుల గౌరవార్థం పెట్టిన వేడుకలో ఆ దళం పైనుంచి దూకాలి.

సైన్యానికి తెలుసు, మైదానం వాళ్లకు తెలుసు. కంట్రోల్ టవర్‌తో విమానం మాట్లాడుతూనే ఉంది. తెలియనిది క్యాపిటల్ పోలీసులకే. ముందుగా వాళ్లకు చెప్పాల్సింది తామేనని, చెప్పలేదని అమెరికా పౌర విమానయాన సంస్థ ఎఫ్ఏఏ తర్వాత ఒప్పుకుని విచారం ప్రకటించింది.

ఇలాంటిది జరిగినప్పుడు పత్రికలు ‘సమాచార లోపం’ అని రాసి ఊరుకుంటాయి. ఆ మాట నిజమే గానీ దానితో ఏమీ తెలియదు. లోపం ఏ రెండు బల్లల మధ్య జరిగిందో వెతకాలి. ఆకాశంలో కొంత భాగాన్ని కొంతసేపు మూసేసే తాత్కాలిక గగనతల ఆంక్షల్లో పొరపాట్లు పైలట్ రేడియోలో తప్పుగా వినడం వల్లే జరుగుతాయని చాలామంది అనుకుంటారు. అలాంటివీ ఉన్నాయి. పెద్ద గందరగోళాలు మాత్రం ఎక్కువగా నేల మీదే పుడతాయి. ఒక గదిలో ఉన్నవాళ్లకు తెలిసింది పక్క గదికి చేరదు. చేరలేదన్న సంగతి మొదటి గదికి తెలియదు.

పద్దెనిమిదేళ్ల ముందు, అదే చోట

2004 జూన్ 9న వాషింగ్టన్‌లో మాజీ అధ్యక్షుడు రీగన్ భౌతికకాయం కోసం ఎదురుచూస్తున్నారు. క్యాపిటల్ నిండా జనం. కెంటకీ గవర్నర్ ఎర్నీ ఫ్లెచర్ కూడా అంత్యక్రియల కోసం ఆ రాష్ట్ర ప్రభుత్వ కింగ్ ఎయిర్ విమానంలో బయల్దేరారు. విమానం పైకి లేచిన కాసేపటికే ట్రాన్స్‌పాండర్ పాడైంది. రాడార్ అడిగినప్పుడల్లా ‘నేను ఫలానా, ఇంత ఎత్తులో ఉన్నాను’ అని జవాబిచ్చే పరికరం అది. పనిచేసే ట్రాన్స్‌పాండర్ లేకుండా రాజధాని చుట్టూ ఉన్న రక్షణ వలయంలోకి రాకూడదన్నది నిబంధన. పైలట్లు దాచలేదు, కంట్రోలర్లకు చెప్పేశారు. కంట్రోలర్లు రావొచ్చన్నారు. మొదటి తప్పు అదే.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. ట్రాన్స్‌పాండర్ లేకపోతే తెర మీద పేరూ ఎత్తూ లేని చుక్క ఒక్కటే కనిపిస్తుంది. అందుకని కంట్రోలర్లు ఆ చుక్క పక్కన విమానం వివరాలను చేత్తో నమోదు చేశారు. వాళ్ల తెర మీద అది మిగతా వాటిలాగే పేరున్న విమానమైపోయింది. రాజధాని గగనతల భద్రతను కనిపెట్టే సమన్వయ కేంద్రానికీ రాడార్ చిత్రం వెళ్తుంది. కానీ చేత్తో రాసిన ఆ చీటీ దానితో పాటు వెళ్లలేదు. అక్కడివాళ్లకు కనిపించింది ఊరూ పేరూ లేకుండా రాజధాని వైపు వస్తున్న చుక్క. యుద్ధ విమానాలు కదిలాయి. క్యాపిటల్‌లో ఉన్నవాళ్లను పరుగెత్తమన్నారు. గవర్నర్ విమానం మాత్రం రీగన్ విమానాశ్రయంలో క్షేమంగా దిగింది.

రెండు సంఘటనలనూ పక్కపక్కన పెడితే పోలిక ఇట్టే కనిపిస్తుంది. విమానాలను నడిపించే వాళ్లకు అంతా సవ్యంగా ఉంది కాబట్టి ఎవరికైనా చెప్పాలన్న ఆలోచనే రాలేదు. కాపలా కాసే వాళ్లకు అదే విమానం శత్రువులా కనిపించింది. కంట్రోలర్ అనుమతి ఇచ్చాడంటే ఆయన దృష్టిలో సమస్య తీరిపోయినట్టే. అక్కడే కబురు ఆగిపోతుంది.

2001 సెప్టెంబర్ 11న దాడులు జరుగుతున్నప్పుడు మొదలుపెట్టిన ఒక టెలిఫోన్ సమావేశాన్ని అమెరికాలో ఇప్పటికీ ఆపలేదు. డొమెస్టిక్ ఈవెంట్స్ నెట్‌వర్క్ అనే ఆ లైన్‌లో కంట్రోల్ కేంద్రాలు, సైన్యం, భద్రతా సంస్థలు 24 గంటలూ వింటూ ఉంటాయి. అంత ఏర్పాటు ఉన్నా 2004లోనూ 2022లోనూ ఈ పని జరిగింది. ఎంతమంది వింటున్నా మొదట ఒకరు నోరు విప్పాలి కదా.

కంచె కొలతలు, నోటమ్ తిరకాసులు

అమెరికాలో అధ్యక్షుడు ఎక్కడికైనా వెళ్తే సాధారణంగా రెండు వలయాలు గీస్తారు. లోపలిది 10 నాటికల్ మైళ్లు, అంటే పద్దెనిమిదిన్నర కిలోమీటర్లు. బయటిది 30 నాటికల్ మైళ్లు, దాదాపు 55 కిలోమీటర్లు. ఎత్తు 18,000 అడుగుల లోపు. లోపలి వలయంలోకి చిన్న విమానాలకు దాదాపుగా ప్రవేశం లేదు. బయటి వలయంలో తిరగాలంటే ముందుగా ప్లాన్ ఇచ్చి ఉండాలి, కంట్రోలర్‌తో మాట్లాడుతూ ఉండాలి, ఆయన ఇచ్చిన ప్రత్యేక కోడ్ ట్రాన్స్‌పాండర్‌లో ఉండాలి. గంటకు 120 నాటికల్ మైళ్ల వేగంతో వెళ్లే శిక్షణ విమానం బయటి గీత దాటాక లోపలి గీతను పది నిమిషాల్లో చేరుతుంది. పొరపాటు గుర్తించి, పైలట్‌ను పట్టుకుని, వెనక్కి తిప్పడానికి అందరికీ కలిపి ఉన్న సమయం అంతే.

ముప్పై వేలకు పైగా సీట్లున్న మైదానాల సంగతి ఇంకా తమాషా. పెద్ద పోటీలు జరిగేటప్పుడు మొదలయ్యే గంట ముందు నుంచి ముగిసిన గంట తర్వాత దాకా చుట్టూ 3 నాటికల్ మైళ్లు, పైకి 3,000 అడుగులు మూసేస్తారు. ప్రతి ఆటకూ విడిగా ప్రకటన ఉండదు. అన్నిటికీ కలిపి ఒకే శాశ్వత ప్రకటన. ఏ రోజు ఏ మైదానంలో ఆట ఉందో, అదనపు ఇన్నింగ్స్‌లోకి వెళ్లిందో లేదో పైలటే కనుక్కోవాలి. విమానం నడపడానికి బేస్‌బాల్ షెడ్యూల్ చదవాల్సి రావడం ఈ వ్యవస్థ సాధించిన ఘనత.

ఇవన్నీ లోకానికి చేరేది నోటమ్‌ల ద్వారా, అంటే పైలట్లకు, విమానాలు నడిపే సంస్థలకు జారీ చేసే అధికారిక నోటీసుల ద్వారా. అంతర్జాతీయ పద్ధతిలో, మన దేశంలో వాడే పద్ధతిలో, నోటమ్‌కు అక్షరాలతో గుర్తుపట్టే వరుసలుంటాయి. క్యూ వరుసలో ఏ గగనతల సమాచార ప్రాంతం (ఒక కేంద్రం చూసుకునే ఆకాశ పరిధి), ఏ రకం సంగతి, ఎంత ఎత్తు, ఏ కేంద్రం చుట్టూ ఎంత వ్యాసార్థం అన్నవి కోడ్ రూపంలో ఉంటాయి. బీ మొదలయ్యే సమయం, సీ ముగిసే సమయం, డీ రోజువారీ వేళలు, ‘ఈ’ అసలు విషయం, ఎఫ్, జీ కింది పై హద్దులు. ఇందులో జారిపడే చోట్లు కొన్ని ఉన్నాయి.

మొదటిది గడియారం. నోటమ్ సమయాలు అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మనది దానికి ఐదున్నర గంటలు ముందు. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో ఉత్తర, పశ్చిమ భారతంలోని 32 విమానాశ్రయాలను మూసినప్పుడు ‘మే 14 వరకు’ అని ఒక మాట, ‘మే 15 ఉదయం 5:29 వరకు’ అని మరో మాట వినిపించాయి. రెండూ ఒకటే. ప్రామాణిక సమయం ప్రకారం మే 14 రాత్రి 23:59 అయితే మన గడియారంలో మర్నాటి ఉదయం 5:29 అవుతుంది. ఆ వింత అంకె వెనక ఉన్నది ఇంతే. నిజానికి అప్పటిదాకా ఆగకుండా మే 12నే తెరిచేశారు. నోటమ్‌లో రాసిన ముగింపు సమయాన్నే నమ్ముకోకూడదనడానికి అదీ ఒక ఉదాహరణే. దాన్ని మధ్యలో రద్దు చేయొచ్చు, కొత్తదానితో మార్చేయొచ్చు.

రెండోది, ముగింపు సమయం పక్కన అంచనా అని సూచించే మూడక్షరాల గుర్తు. అది ఉంటే ఆ సమయం దాటినంత మాత్రాన ఆంక్ష పోయినట్టు కాదు. జారీ చేసిన వాళ్లు రద్దు చేయాలి, లేదా మరోటి ఇవ్వాలి. మూడోది ఆకారం. క్యూ వరుసలోని వృత్తం మొత్తం ప్రాంతాన్ని చుట్టేసే ఉజ్జాయింపు మాత్రమే. అసలు ఆంక్ష ఆరు మూలల బహుభుజి కావొచ్చు, దాని కొలతలు ‘ఈ’ అక్షరం వరుసలో ఉంటాయి. క్యూ వృత్తాన్నే పటం మీద గీసి చూపించే యాప్‌ను నమ్ముకుంటే తెరిచి ఉన్న దారి మూసినట్టు కనిపిస్తుంది. అలా నాలుగుసార్లు అనవసరంగా చుట్టు తిరిగిన వాడు ఐదోసారి దాన్ని పట్టించుకోడు.

అన్నిటికన్నా పెద్ద జబ్బు రద్దీ. 2017 జులై 7న శాన్ ఫ్రాన్సిస్కోలో ఎయిర్ కెనడా 759 విమానం రన్‌వే అనుకుని, నాలుగు విమానాలు బారులు తీరిన ట్యాక్సీవే (రన్‌వేకు వెళ్లే దారి) మీదికి దిగబోయింది. నేలకు 59 అడుగుల దాకా వచ్చి మళ్లీ పైకి లేచింది. పక్క రన్‌వే మూసి ఉందన్న నోటమ్ పైలట్ల చేతిలోనే ఉంది. కాకపోతే 27 పేజీల కట్టలో ఎనిమిదో పేజీలో. ఆ విచారణలో అమెరికా రవాణా భద్రతా బోర్డు ఛైర్మన్ రాబర్ట్ సమ్‌వాల్ట్ నోటమ్‌లను ఎవరూ పట్టించుకోని చెత్తకుప్ప అనేశారు. పదవిలో ఉన్నవాళ్ల నుంచి అంత సూటి మాట అరుదు. అది గగనతల ఆంక్ష కాదు నిజమే, కానీ రెండూ వచ్చేది అదే గొట్టం లోంచి. పైగా ఆ గొట్టం మూసుకుపోనూ వచ్చు. 2023 జనవరి 11న ప్రధాన, బ్యాకప్ డేటాబేస్‌ల మధ్య తేడా సరిచేస్తూ కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున ఫైళ్లు తొలగించేసరికి నోటమ్ వ్యవస్థే పడిపోయింది. అమెరికా అంతటా విమానాలు బయల్దేరకుండా కాసేపు ఆపేశారు.

కంట్రోల్ గదిలో

పైలట్‌కు నోటమ్ చేరడం సగం పని. కంట్రోలర్‌కు చేరడం మిగతా సగం, దాని గురించి బయట ఎవరూ మాట్లాడరు. ఆంక్ష వివరాలు ముందు పర్యవేక్షకుడి బల్ల మీదికి వస్తాయి. ఆయన ఆ షిఫ్టు వాళ్లకు చెప్పాలి. రాడార్ తెర మీద ఆ ఆకారం గీయాలి. గీయకపోతే కంట్రోలర్ అక్షాంశ రేఖాంశాలను తలలో పెట్టుకుని పది విమానాలు నడపాల్సి వస్తుంది, అది జరిగే పని కాదు.

షిఫ్టు మారేటప్పుడు అసలు పరీక్ష. అమెరికా నియమావళిలో దీనికి నాలుగు మెట్లున్నాయి. వచ్చేవాడు ముందు కాసేపు వెనక నిలబడి తెర చూడాలి. తర్వాత వెళ్లేవాడు చెక్‌లిస్ట్ ప్రకారం నోటితో చెప్పాలి. బాధ్యత ఎప్పుడు మారిందో ఇద్దరూ స్పష్టంగా అనుకోవాలి. ఆపైన వెళ్లేవాడు వెంటనే లేచి పోకుండా అంతా సరిగ్గా ఉందో లేదో మరోసారి చూడాలి. రద్దీగా ఉన్నప్పుడు నలిగిపోయేవి మొదటిదీ చివరిదీ. ‘ఇరవై నిమిషాల్లో ఆంక్ష మొదలవుతుంది’ అన్న మాట సరిగ్గా అక్కడే జారిపోతుంది. ఆ క్షణానికి అది ఇంకా ఆంక్ష కాదు కాబట్టి తెర మీద కనిపించదు, చెప్పేవాడికి తొందరగా గుర్తుకూ రాదు. అప్పటికే అమల్లో ఉన్న ఆంక్షను మరిచిపోవడం తక్కువ. మొదలవబోయేదాన్నీ, ఇప్పుడే ముగిసినదాన్నీ మరిచిపోవడం ఎక్కువ.

ముగిసిందని చెప్పకపోవడం వల్ల ప్రాణాలకు ముప్పు ఉండదు, అందుకే దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. సైన్యం విన్యాసాలు ముందే ముగించి వెళ్లిపోయినా ఆ ముక్క పౌర కంట్రోలర్‌కు ఫోన్ చేసి చెప్పకపోతే ప్రయాణికుల విమానాలు ఖాళీ ఆకాశం చుట్టూ తిరిగి పోతూనే ఉంటాయి. మన దేశ గగనతలంలో స్వేచ్ఛగా వాడుకోగలిగేది 60 శాతమేనని 2020 మేలో కేంద్ర ఆర్థిక మంత్రి చెప్పారు. మిగతాదాన్ని సైన్యానికి అవసరం లేని వేళల్లో విడిచిపెట్టి వాడుకునే పద్ధతి నిలబడేది ఆ ఫోన్ కాల్ మీదే. పక్కనే దుండిగల్ వైమానిక దళ అకాడమీ, హకీంపేట స్థావరం ఉన్న హైదరాబాద్ లాంటి చోట ఇది రోజువారీ వ్యవహారం.

గాలిలో ఉన్నప్పుడు

చిన్న విమానాల పైలట్లు ఆంక్షల్లోకి దూరిపోయాక ఎక్కువగా చెప్పే మాట ఒకటుంది: కంట్రోలర్‌తో మాట్లాడుతూనే ఉన్నాను, ఆయన ఆపుతాడనుకున్నాను. చట్టం అలా అనుకోదు. కళ్లతో చూస్తూ నడిపే విమానాలకు రాడార్ సాయం కంట్రోలర్‌కు తీరికుంటేనే దొరుకుతుంది. బయల్దేరే ముందు సమాచారమంతా తెలుసుకోవాల్సిన బాధ్యత పైలట్‌దే. దారిలో ఏమైనా వస్తే చెప్పడానికి మంచి కంట్రోలర్ ప్రయత్నిస్తాడు, కానీ అది హామీ కాదు.

ఇంతకన్నా దొంగచాటు ఉచ్చు కోడ్ మార్చడంలో ఉంది. పైలట్ బయటి వలయంలో ప్రత్యేక కోడ్‌తో బుద్ధిగానే వెళ్తున్నాడనుకుందాం. తన ప్రాంతం ముగిసిందని కంట్రోలర్ అలవాటు కొద్దీ ‘రాడార్ సేవ ముగిసింది, 1200కు మార్చుకో’ అంటాడు. 1200 అన్నది ఎవరితోనూ మాట్లాడని చిన్న విమానాలన్నిటికీ ఉమ్మడి కోడ్. పైలట్ చెప్పినట్టే చేశాడు. ఆ క్షణం నుంచి భద్రతా తెర మీద అది అనుమతి లేకుండా వలయంలో తిరుగుతున్న విమానం. తప్పు మాట కంట్రోలర్‌ది, నోటీసు వచ్చేది పైలట్‌కు. దీనికి మందు ఒక్క ప్రశ్న: “ఆంక్షల వలయంలోనే ఉన్నాను, ఇదే కోడ్ ఉంచుకుని తర్వాతి ఫ్రీక్వెన్సీకి వెళ్లనా?” ఆ ప్రశ్న వినగానే కంట్రోలర్ తల తిప్పి తెర చూస్తాడు.

రెండో రేడియోను ఎప్పుడూ 121.5 మీద ఉంచడం మరో జాగ్రత్త. పక్కన యుద్ధ విమానం కనిపించినప్పుడు దాని పైలట్ పిలిచేది ఆ అత్యవసర ఫ్రీక్వెన్సీ మీదే. నిజాయితీగా జరిగిన పొరపాటైతే పది రోజుల్లోగా నాసా నడిపే గోప్య భద్రతా నివేదికల విభాగానికి రాసి పంపడం అమెరికా పైలట్లకు బాగా తెలిసిన దారి. తప్పు రుజువైనా, ఉద్దేశపూర్వకం కాకపోతే శిక్ష తప్పే అవకాశం ఉంటుంది. కంట్రోలర్లూ అక్కడికి నివేదికలు రాయొచ్చు.

అప్పటికప్పుడు పుట్టే ఆంక్షలు

ఇంతవరకు చెప్పినవన్నీ ముందుగా తెలిసినవి. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే ముందు బంగాళాఖాతంలో ఖాళీ అయిన దశలు పడే చోట్లను గుర్తించి నోటమ్ ఇస్తారు. ప్రయోగం వాయిదా పడినా కంచె ఎక్కడుంటుందో తెలుసు. రాకెట్ దారిలో పేలిపోతే మాత్రం కంచె అప్పటికప్పుడు పుట్టాలి.

2025 జనవరి 16న టెక్సాస్ నుంచి ఎగిరిన స్పేస్‌ఎక్స్ రాకెట్ స్టార్‌షిప్‌తో ఎనిమిదిన్నర నిమిషాలకు సంబంధాలు తెగిపోయాయి. ముక్కలు టర్క్స్ అండ్ కైకోస్ దీవుల మీదుగా మండుతూ రాలాయి. ఇలాంటి సందర్భం కోసం ఎఫ్ఏఏ ముందే గీసి పెట్టుకున్న శకలాల స్పందన ప్రాంతాన్ని అమల్లోకి తెచ్చి, విమానాలను ఆపి, మళ్లించింది. ఆకాశంలో నిప్పురవ్వలు చూస్తున్నామని పైలట్లే కంట్రోలర్లకు చెప్పారు. మార్చి 6న మళ్లీ అదే జరిగింది. ఈసారి మయామీ, ఫోర్ట్ లాడర్‌డేల్, పామ్ బీచ్, ఓర్లాండోల నుంచి బయల్దేరే విమానాలు ఆగిపోయాయి.

ఇలాంటప్పుడు కబురు రాకెట్ నడిపేవాళ్ల నుంచి ఎఫ్ఏఏకు, అక్కడి నుంచి సముద్రం మీది విమానాలను చూసే కంట్రోల్ కేంద్రానికి, అక్కడి నుంచి ఆ ఆకాశ భాగాన్ని చూసే సెక్టార్ కంట్రోలర్‌కు, చివరికి పైలట్‌కు వెళ్లాలి. ఒక్కో అంచెలో ఒక నిమిషం పోయినా నాలుగు నిమిషాలు. జెట్ విమానం ఆ నాలుగు నిమిషాల్లో 30 నాటికల్ మైళ్లకు పైగా పోతుంది. పైగా సాయంత్రం ఇంటికెళ్లే విమానాల్లో గాలిలో ఆగి తిరగడానికి అదనపు ఇంధనం కొంతే ఉంటుంది. కాబట్టి ‘ఆగండి’ అన్నంత మాత్రాన సరిపోదు, ఎంతసేపో కూడా చెప్పాలి. అది తెలియకపోతే పైలట్ ఇంధనం లెక్క వేసుకోలేడు.

ఆంక్ష అందరికీ తెలిసి కూడా ఇరుకున పడ్డ సందర్భం మన దగ్గరే ఉంది. 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో 6ఈ 2142కు ఎదురుగా ఉరుముల మేఘం నిలబడింది. ఎడమవైపు, అంటే సరిహద్దు వైపు, తప్పుకుంటామని పైలట్లు వైమానిక దళం నడిపే నార్తర్న్ కంట్రోల్‌ను అడిగారు. అనుమతి రాలేదు. లాహోర్‌ను అడిగారు, వాళ్లూ ఒప్పుకోలేదు. అప్పటికి రెండు దేశాలూ ఒకరి విమానాలకు మరొకరు ఆకాశం మూసేసుకున్నాయి. వెనక్కి తిరిగే దూరం కూడా మిగలక వడగళ్ల వాన లోంచే వెళ్లారు. ముక్కు భాగం దెబ్బతిన్నా విమానం శ్రీనగర్‌లో క్షేమంగా దిగింది. ఇక్కడ ఎవరూ ఎవరికీ చెప్పకపోవడం లేదు. కానీ తుఫాను ముందు ఉన్నప్పుడు రెండు చోట్ల అడిగి రెండు జవాబులు తెచ్చుకునే పని పైలట్ల మీదే పడింది.

మోగని ఫోన్

మళ్లీ వాషింగ్టన్‌కు వస్తే, 2025 జనవరి 29న ప్రయాణికుల విమానం, సైనిక హెలికాప్టర్ ఢీకొని 67 మంది చనిపోయాక అక్కడి ఆకాశం మీద అందరి చూపూ నిలిచింది. అయినా మే 1న పెంటగాన్ వైపు వస్తున్న మరో సైనిక హెలికాప్టర్ కారణంగా రీగన్ విమానాశ్రయంలో దిగబోతున్న రెండు విమానాలు మళ్లీ పైకి లేవాల్సి వచ్చింది. దాని మీద సెనేట్‌లో అడిగినప్పుడు ఎఫ్ఏఏ అధికారి ఓ సంగతి బయటపెట్టారు. పెంటగాన్‌కూ విమానాశ్రయ టవర్‌కూ మధ్య నేరుగా మాట్లాడుకునే హాట్‌లైన్ 2022 మార్చి నుంచి అప్పటిదాకా పనిచేయలేదు. అది చచ్చిపడి ఉందని మే 1 దాకా తమకు తెలియదని ఆయన చెప్పారు. మామూలు ల్యాండ్‌లైన్లు ఉన్నాయి కాబట్టి మూడేళ్లు పని నడిచిపోయింది.

విమానం కూలితే అగ్నిమాపక సిబ్బందిని పిలిచే క్రాష్ ఫోన్‌ను టవర్లలో రోజూ ఎత్తి చూస్తారు. అవతలి వాళ్లు పలికిన సమయాన్ని లాగ్‌బుక్‌లో రాస్తారు. పెంటగాన్ లైన్‌కు కూడా అలాంటి ఒక గడి ఉండి ఉంటే, 2022 మార్చిలో మొదటి రోజే అది ఖాళీగా కనిపించేది.